తాళం తిప్పకముందే అడిగి ఉంటే బాగుండేది

కారు – కాగితాలు: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ఈ నెల వచ్చిన ఉత్తరాలు, వాట్సాప్ మెసేజ్‌లు అన్నీ ముందేసుకుని చూస్తే సగానికి పైగా నీళ్ల గోలే. ఎండాకాలంలో అందరూ ఏసీ గురించి అడుగుతారు, వానలు గట్టిగా మొదలయ్యాయంటే మాత్రం "కారు మునిగింది, డబ్బులొస్తాయా" అన్నదే ప్రశ్న. ఇన్సూరెన్స్ సర్వేయర్‌గా, అంటే కారు నష్టం లెక్కగట్టేవాడిగా పని చేసినన్నాళ్లూ మునిగిన కార్ల డోర్లు తీసి తీసి, ఆ బురద, తడిసిన కార్పెట్ కలిసిన వాసన ఇప్పటికీ నా ముక్కులోంచి పోలేదు. అందుకే ఈసారి సంచికంతా దానికే ఇచ్చేశాను. పదిమంది ఒకే సంగతి అడిగితే ఒక్క ఉత్తరమే వేశాను, పేర్లు ఎవరివీ వేయలేదు.

ప్రశ్న: సార్, మాది విజయవాడ సింగ్‌నగర్. మొన్నటి వానకి మా అపార్ట్‌మెంట్ సెల్లార్‌లోకి నీళ్లొచ్చి నా పెట్రోల్ కారు సీట్ల దాకా మునిగింది. రెండో రోజు మోటార్లు పెట్టి నీళ్లు తోడాక మా బావమరిది "బ్యాటరీ బాగానే ఉంది కదా బావా, ఒకసారి చూద్దాం" అని స్టార్ట్ చేశాడు. టక్‌మని ఒక చప్పుడు వచ్చి ఆగిపోయింది. మళ్లీ రెండుసార్లు తిప్పాడు. ఇప్పుడు ఇంజిన్ పనికే లక్షన్నర అవుతుందని వర్క్‌షాప్ వాళ్లు అంటున్నారు, లోపలి సీట్లు, వైరింగ్‌కి ఇస్తాం గానీ ఇంజిన్‌కి ఇవ్వం అని ఇన్సూరెన్స్ వాళ్లు అంటున్నారు. నాది ఫుల్ ఇన్సూరెన్స్ సార్. ఫుల్ అంటే ఫుల్ కాదా?

జవాబు: కాదు తమ్ముడూ. "ఫుల్ ఇన్సూరెన్స్" అన్నది ఏజెంట్లు, మనం కలిసి పుట్టించుకున్న మాట, పాలసీ కాగితం మీద అది ఎక్కడా కనపడదు. అక్కడ ఉండేది ప్యాకేజీ పాలసీ లేదా కాంప్రహెన్సివ్. వరద, తుపాను, నీట మునగడం, కొండచరియలు విరిగిపడడం ఇవన్నీ అందులో కవరే, కాబట్టి సీట్లు, కార్పెట్లు, వైరింగ్, పాడైన ఎలక్ట్రానిక్స్‌కి డబ్బులు రావాల్సిందే, వాళ్లూ ఇస్తామనే అంటున్నారు. గొడవంతా ఆ "టక్" దగ్గర ఉంది.

అదేమిటో ఇంట్లోనే చూడొచ్చు. సూది లేని ఇంజెక్షన్ సిరంజి ఒకటి తీసుకుని గాలి నింపండి, మూతి వేలితో మూసి వెనక నుంచి నొక్కండి, కొంత దూరం లోపలికి పోతుంది. అదే సిరంజి నిండా నీళ్లు పట్టి, మూతి మూసి నొక్కండి. వెంట్రుకవాసి కదలదు. ఇంజిన్ సిలిండర్‌లో పిస్టన్ పని గాలిని నొక్కడమే. గాలి పీల్చుకునే గొట్టంలోంచి నీళ్లు సిలిండర్‌లోకి చేరి ఉంటే, మీరు తాళం తిప్పగానే పిస్టన్ ఆ నీటిని నొక్కబోతుంది, నీళ్లు నలగవు, పిస్టన్‌ని పట్టుకున్న కనెక్టింగ్ రాడ్ వంగిపోతుంది. ఒక్కోసారి విరిగి ఇంజిన్ బ్లాక్‌కి బొక్క పెడుతుంది కూడా. మెకానిక్‌లు దీన్ని హైడ్రోలాక్ అంటారు. డీజిల్ ఇంజిన్‌లో నొక్కుడు ఇంకా ఎక్కువ కాబట్టి దెబ్బా గట్టిగానే ఉంటుంది. తాళం తిప్పేదాకా మీ కారుది మునిగిన ఇంజినే గానీ విరిగిన ఇంజిన్ కాదు. అప్పుడే టో చేసి వర్క్‌షాప్‌కి పంపి ఉంటే స్పార్క్ ప్లగ్‌లు ఊడదీసి నీళ్లు బయటికి కొట్టించి, ఆయిల్ రెండు మూడుసార్లు మార్చి కడిగి, మళ్లీ నడిపించేవాళ్లు.

కంపెనీ వాళ్లు పట్టుకున్నది ఇదే. నీళ్లు వచ్చి చేసిన నష్టం వరద నష్టం, ఆ తర్వాత తాళం తిప్పడం వల్ల పెరిగిన నష్టం వేరే ఖాతా. పాలసీలో కాన్సీక్వెన్షియల్ లాస్ (మొదటి నష్టం వెంట తర్వాత వచ్చిపడే నష్టం), మెకానికల్ బ్రేక్‌డౌన్ రెండూ మినహాయింపుల్లో ఉంటాయి. దానికి తోడు షరతుల పేజీలో ఇంకో వాక్యం ఉంటుంది, ఎవరూ చదవరు: దెబ్బతిన్న బండిని రిపేరు చేయించకుండా నడిపితే పెరిగిన నష్టం పూర్తిగా యజమాని నెత్తినే అని. ఇరవై ముప్పై ఏళ్లుగా మన దేశంలో అందరి పాలసీల్లోనూ కాస్త అటూఇటూగా ఇదే భాష.

అలాగని చేతులు ముడుచుకుని కూర్చోవద్దు. ముందు మీ పాలసీలో "ఇంజిన్ ప్రొటెక్ట్" అనే యాడ్-ఆన్ (విడిగా ప్రీమియం కట్టి తీసుకునే అదనపు కవర్) ఉందేమో చూడండి, ఉన్న సంగతి తెలియకుండానే ప్రీమియం కట్టినవాళ్లని చాలామందిని చూశాను. లేకపోతే, ఇంజిన్‌కి ఎందుకు ఇవ్వడం లేదో ఏ క్లాజు ప్రకారమో రాతపూర్వకంగా అడగండి, ఫోన్లో చెప్పింది చెల్లదు. సర్వేయర్ రిపోర్టు కాపీ కూడా అడగండి. తర్వాత వర్క్‌షాప్‌లో ఇంజిన్ విప్పినప్పుడు మీరు పక్కనే నిలబడండి, ఫొటోలు తీయండి. రాడ్ నిజంగా వంగిందా, లేక ఆయిల్‌లో నీళ్లు కలిసి పాలటీలాగా అయిపోవడమేనా? వంగిన రాడ్ తాలూకు ఖర్చు రాకపోయినా, నీళ్లు దించి కడిగించే ఖర్చు, నీటివల్లే పాడైన సెన్సర్లు, స్టార్టర్ మోటారు లాంటివి నేరుగా వరద నష్టమే అని గట్టిగా వాదించొచ్చు. ఎస్టిమేట్ అంతా ఒకే గంపగుత్తగా "ఇంజిన్ పని 1,50,000" అని రాయించకుండా పార్టు పార్టుకి విడగొట్టి రాయించండి. చాలా క్లెయిమ్‌లు అక్కడే చెడతాయి.

అప్పటికీ కాదంటే కంపెనీ గ్రీవెన్స్ విభాగానికి రాయండి. నెల రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు నచ్చకపోయినా ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్ (బీమా వివాదాలు విని తీర్చే అధికారి) దగ్గరికి వెళ్లొచ్చు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రెండింటికీ ఆఫీసు హైదరాబాద్‌లోనే ఉంది. ఫీజు లేదు, లాయరు అక్కర్లేదు, 50 లక్షల దాకా వివాదం వింటారు, కంపెనీ తిరస్కరించిన ఏడాదిలోపు వెళ్లాలి. బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ వారి బీమా భరోసా పోర్టల్ ఉంది, 155255కి ఫోన్ చేసినా ఫిర్యాదు తీసుకుంటారు.

మీ బావమరిదిని మాత్రం ఏమీ అనకండి. 2024 సెప్టెంబరులో బుడమేరుకి గండ్లు పడి మీ సింగ్‌నగర్ రోజుల తరబడి నీళ్లలో ఉన్నప్పుడు నాకు వచ్చిన ఫోన్లలో ప్రతి రెండో ఫోన్‌లోనూ ఒక బావమరిదో, వాచ్‌మనో, పక్క ఫ్లాట్ అంకులో ఉన్నారు. చెప్పాల్సింది ఇంతే: మునిగిన కారు తాళం జేబులోనే ఉండాలి. పుష్ బటన్ అయితే దాని జోలికే పోవద్దు, లైట్లు వెలుగుతాయా అని ఇగ్నిషన్ ఆన్ కూడా వద్దు, తడిసిన కంట్రోల్ యూనిట్లలోకి కరెంటు పంపినట్టవుతుంది. బ్యాటరీ నెగటివ్ వైరు తీసి పక్కన పెట్టండి. డోర్ మీద నీటి గీత ఎక్కడి దాకా ఉందో కడగకముందే ఫొటో తీయండి, నంబరు ప్లేటు కూడా అందులో పడాలి. అదే రోజు కంపెనీకి చెప్పి క్లెయిమ్ నంబరు రాసుకోండి. తర్వాత టో బండి, వీలైతే కారుని మొత్తం పైకెక్కించుకుని తీసుకెళ్లే రకం.

ప్రశ్న: అన్నా, మాది మహబూబాబాద్ జిల్లా. మా ఆయన టీచరు, బడికి పోవాలంటే వాగు మీద చప్టా దాటాలి. పోయినేడు పెద్ద బండి కొన్నాం, ఎత్తుగా ఉంటది. "మోకాలి లోతు నీళ్లకి ఈ బండికేం కాదు" అంటడు. నాకు ఆయన ఇంటికొచ్చేదాకా టెన్షనే. ఎంత లోతు దాకా పోవచ్చో మీరు రాయండి, నేను చెప్తే వినడు, పేపర్ల వస్తే వింటడు.

జవాబు: చెల్లెమ్మా, ఈ పేజీ చింపి స్టీరింగ్ మీద అంటించు. మాస్టారూ, లెక్కలు మీకు చెప్పేవాణ్ని కాదు గానీ ఒక్క లెక్క మీరే వేయండి.

నీటిలో దిగిన వస్తువు ఎంత నీటిని పక్కకి నెడితే అంత బరువు తగ్గుతుంది, ఆర్కిమెడిస్ సూత్రం, మీ పిల్లలకి మీరే చెప్పి ఉంటారు. మీ బండి అడుగు భాగం సుమారు 4 మీటర్ల పొడవు, 1.6 మీటర్ల వెడల్పు అనుకుందాం, అంటే 6.4 చదరపు మీటర్లు. నీళ్లు ఫ్లోర్‌ని తాకాక ఇంకో 10 సెంటీమీటర్లు పెరిగితే నెట్టేసిన నీళ్లు 640 లీటర్లు, అంటే 640 కిలోలు బండి మీంచి ఎత్తేసినట్టే. మీ బండి బరువు 1,600 కిలోలు అనుకుంటే ఫ్లోర్ పైన 25 సెంటీమీటర్లు చాలు, బండి తేలుతుంది. కింద గ్రౌండ్ క్లియరెన్స్, అంటే నేలకీ బండి అడుగుకీ మధ్య ఖాళీ, 20 అనుకోండి. మొత్తం 45 సెంటీమీటర్లు. లేచి మీ మోకాలి ఎత్తు స్కేలు పెట్టి కొలవండి మాస్టారూ. అదే 900 కిలోల చిన్న కారయితే 35 సెంటీమీటర్ల లోపే తేలుతుంది, పిక్కల దాకా నీళ్లన్నమాట. డోర్ల సందుల్లోంచి నీళ్లు లోపలికి నిండితే మళ్లీ బరువెక్కుతుంది కదా అంటారేమో, నిండడానికి టైము పడుతుంది, చప్టా మీంచి కిందికి పోవడానికి అంత టైము పట్టదు.

ఇది నిలబడ్డ నీటి లెక్క. వాగు నీరు నిలబడదు, పక్క నుంచి తోస్తుంది. పూర్తిగా తేలేదాకా కూడా అక్కర్లేదు, సగం బరువు తగ్గితే చాలు టైర్ల పట్టు పోతుంది, నీటి వేగం రెట్టింపైతే తోపుడు నాలుగు రెట్లవుతుంది. బండి కంపెనీ వాళ్లు బ్రోచర్‌లో రాసే "వాటర్ వేడింగ్" సంఖ్య (ఎంత లోతు నీళ్లలో పోవచ్చో చెప్పేది) ఉంటుంది చూశారూ, అది ప్రవాహం లేని నీటిలో, గట్టి నేల మీద, నెమ్మదిగా పోయే బండి గురించి రాసింది. మీ వాగు ఆ బ్రోచర్ చదవలేదు.

ఇంకోటి, బయట నుంచి కనపడేది నీటి పైభాగమే, లోతు కాదు. చప్టా కింద మట్టి కోసుకుపోయి ఉందా, మధ్యలో స్లాబ్ ఉందా లేదా అన్నది ఎర్రనీళ్లలో ఎవరికీ తెలియదు. నిన్న మధ్యాహ్నం దాటిన చప్టా ఇవాళ పొద్దున ఉంటుందని నమ్మకం లేదు. మీ జిల్లాలోనే 2024 సెప్టెంబరు 1న మరిపెడ మండలం పురుషోత్తమాయగూడెం దగ్గర ఆకేరు వాగులో కారు కొట్టుకుపోయి తండ్రీ కూతుళ్లు పోయారు. మీకు నేను గుర్తు చేయాల్సిన పని లేదు, ఆ దారి మీకు నాకంటే బాగా తెలుసు.

ఊళ్లలో వాగు ఎలాగో టౌన్లలో రైల్వే అండర్‌బ్రిడ్జి అలాగ. 2021 అక్టోబరులో తిరుపతి వెస్ట్ చర్చి దగ్గర అండర్‌బ్రిడ్జిలో పెళ్లయిన కొత్తలో కొండకి వచ్చిన అమ్మాయి చనిపోయింది. 2023 మేలో బెంగళూరు కేఆర్ సర్కిల్ అండర్‌పాస్‌లో మన ఆంధ్రా అమ్మాయి, సాఫ్ట్‌వేర్ ఉద్యోగిని, అద్దె కారులో ఇంటివాళ్లతో వెళ్తూ పోయింది. ఊరికి అటూ ఇటూ నీళ్లు లేకపోయినా చుట్టుపక్కల నీళ్లన్నీ అక్కడికే దిగుతాయి, పైనుంచి చూస్తే లోతు తెలియదు. ముందు బండి పోయింది కదా అని వెనక వెళ్లడం మనకి అలవాటు. ముందు పోయింది లారీ అయి ఉంటుంది.

ఎప్పుడైనా ఖర్మకాలి కారు నీళ్లలో ఆగి లోపలికి నీళ్లు వస్తుంటే, ఫోన్ల పని తర్వాత. సీట్ బెల్టులు విప్పుకోండి, మొదటి నిమిషంలోనే అద్దాలు దించండి, నీళ్లు వైరింగ్‌లోకి పోతే పవర్ విండోలు ఆగిపోతాయి. డోర్ తీయాలని గుద్దులాడకండి, బయట నీళ్లు నొక్కుతుంటే మనిషి బలానికి తెరుచుకోదు. కిటికీలోంచి పిల్లల్ని ముందు బయటికి పంపి తర్వాత మీరు రండి, వీలైతే పైకప్పు మీదికి. అద్దం పగలగొట్టాల్సి వస్తే పక్క అద్దం, అదీ మూల మీద కొట్టాలి. ముందు అద్దం రెండు పొరల మధ్య ప్లాస్టిక్ వేసి అతికించింది, బీటలు వారుతుంది గానీ ఊడి రాదు. రెండు మూడు వందల్లో అద్దం పగలగొట్టే చిన్న సుత్తి దొరుకుతుంది, బెల్టు కోసే బ్లేడు కూడా దానికే ఉంటుంది. డ్యాష్‌బోర్డు సొరుగులో కాదు, చేతికి అందే చోట పెట్టుకోండి.

వాగు దాటే రోజు సెలవు పెడితే ఒక సీఎల్ పోతుంది మాస్టారూ. హెడ్‌మాస్టరు ఏమంటారో అంటారా, నా పేరు చెప్పండి.

ప్రశ్న: నాది 2012 మోడల్ కారు, థర్డ్ పార్టీ మాత్రమే కడుతున్నాను. నాలా పొంగి ఇంటి ముందు పెట్టిన కారు మునిగింది. ఏమైనా వస్తుందా? (ఉప్పల్)

జవాబు: రాదు. థర్డ్ పార్టీ అంటే మీ బండి వల్ల ఎదుటివాడికి నష్టం జరిగితే ఇచ్చేది, చట్టం తప్పనిసరి చేసింది అదొక్కటే, మీ బండికి అందులో రూపాయి లేదు. పాలసీ మీద ఓన్ డ్యామేజ్ అనే గడి ఉండి దాని ఎదురుగా ప్రీమియం అంకె ఉంటేనే మిగతా మాటలు. ఇప్పుడు కొత్తగా కడదామనుకున్నా, ముందే పాడైన దానికి వర్తించదు.

ప్రశ్న: హైదరాబాద్ టోలీచౌకీలో ఉంటాం. కారు వయసు ఐదో ఏడు. రెన్యువల్ టైము. ఏజెంట్ జీరో డెప్, ఇంజిన్ ప్రొటెక్ట్, కన్సూమబుల్స్, రిటర్న్ టు ఇన్వాయిస్, ఎన్‌సీబీ ప్రొటెక్ట్ అన్నీ కలిపి చెప్పేసరికి ప్రీమియం చూసి కళ్లు తిరిగాయి. ఏది నిజంగా అవసరం?

జవాబు: మీరున్న ఏరియా పేరు రాయకపోతే వేరే జవాబు చెప్పేవాణ్ని. 2020 అక్టోబరు 13 రాత్రి తర్వాత మీ పక్క నదీమ్ కాలనీలో కార్లు ఏ స్థితిలో ఉన్నాయో మీరు చూసే ఉంటారు. అలాంటి చోట, లేదా సెల్లార్ పార్కింగ్ ఉన్న ఏ అపార్ట్‌మెంట్‌లో అయినా, ఇంజిన్ ప్రొటెక్ట్ మొదట తీసుకోవాలి. పైన విజయవాడ తమ్ముడి కథ చదివారుగా, ఆ లక్షన్నర కోసమే ఇది. కాకపోతే ఇది ఉంది కదా అని మునిగిన బండిని స్టార్ట్ చేసి చూడొచ్చని అర్థం కాదు, కొన్ని కంపెనీలు దీనిలోనూ "నీళ్లలో ఆగిన తర్వాత యజమాని జాగ్రత్త తీసుకోకపోతే ఇవ్వం" అని రాస్తాయి. ఏడాదికి ఎన్ని క్లెయిమ్‌లు, కారు ఎన్నేళ్ల వయసు దాకా ఇస్తారు అన్నది కూడా కంపెనీని బట్టి మారుతుంది, కట్టకముందే ఆ రెండు అంకెలూ ఏజెంట్ చేత మెసేజ్‌లో రాయించుకోండి.

రెండోది జీరో డెప్. అది లేకపోతే పార్టుల ధరలో తరుగుదల కోస్తారు. రబ్బరు, ప్లాస్టిక్, బ్యాటరీ, ఎయిర్ బ్యాగ్‌లకి ఎప్పుడైనా సగం కోత, ఇనుప పార్టులకి కారు వయసుని బట్టి, నాలుగు దాటి ఐదేళ్ల లోపు అయితే 35 శాతం, ఆపైన పదేళ్ల దాకా 40. గుద్దుకున్న కారులో కోత పడేది ఒక బంపర్‌కో రెండు లైట్లకో. మునిగిన కారులో మార్చేవాటిలో పెద్ద భాగం ప్లాస్టిక్ ట్రిమ్ములు, కార్పెట్లు, రబ్బర్లు, బ్యాటరీ. బిల్లు లక్ష అయితే మీ చేతికి ఎంత వస్తుందో ఊహించుకోండి. ఐదేళ్లు దాటాక ఇది దొరకడమే కష్టమవుతుంది, దొరికినన్నాళ్లు తీసుకోండి.

కన్సూమబుల్స్ చవకే, ఆయిళ్లు, కూలెంట్, గ్రీజు, నట్లు బోల్టులు. మునిగిన కారుకి ఇంజిన్ ఆయిల్, గేర్ ఆయిల్, బ్రేక్ ఆయిల్ అన్నీ మార్చాలి కాబట్టి పనికొస్తుంది. రిటర్న్ టు ఇన్వాయిస్ (కారు పూర్తిగా పోతే కొన్న బిల్లు ధర ఇచ్చేది) కొత్త కార్లకి గానీ మీకు దండగ, అసలు ఇస్తారో లేదో కూడా చూడాలి. ఎన్‌సీబీ అంటే నో క్లెయిమ్ బోనస్, క్లెయిమ్ వేయని ఏళ్లకి ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు; దాని ప్రొటెక్ట్ మాత్రం మీ బోనస్ 50 శాతం దాకా చేరి ఉంటే ఆలోచించండి, ఒక్క క్లెయిమ్‌తో అది సున్నా అవుతుంది. నా మట్టుకు నేను అయిదారు వేల చిన్న పనికి క్లెయిమే వేయను, జేబులోంచి పెట్టుకుంటాను.

ఇక ఏజెంట్ చెప్పనిది ఒకటుంది, ఐడీవీ, అంటే మీ కారు విలువ ఇంత అని పాలసీలో రాసే అంకె. ప్రీమియం తగ్గించి చూపించడానికి దాన్ని కిందికి దించేస్తారు. మునిగిన కార్లలో చాలావాటి కథ ముగిసేది ఈ అంకె మీదే. రిపేరు ఖర్చు ఐడీవీలో 75 శాతం దాటితే దాన్ని టోటల్ లాస్ అంటారు, రిపేరు చేయరు, ఐడీవీ చేతిలో పెడతారు. ఐడీవీ 4 లక్షలు, రిపేరు ఎస్టిమేట్ 3 లక్షల 20 వేలు అనుకోండి, 80 శాతం అయింది, టోటల్ లాస్. అప్పుడు తరుగుదల కోతలు ఉండవు, తప్పనిసరి మినహాయింపు 1500 సీసీ లోపు కారుకి 1,000 రూపాయలు, ఆపైన 2,000, అది తీసేసి మిగతాది ఇవ్వాలి. అదే ఐడీవీని ఏజెంట్ 3 లక్షలకి దించి రాసి ఉంటే, రెండు మూడు వేలు మిగుల్చుకోబోయి లక్ష పోగొట్టుకున్నట్టే. లోను ఉంటే ఆ డబ్బు ముందు బ్యాంకుకి పోతుంది, అదీ గుర్తుంచుకోండి.

ప్రశ్న: అంకుల్, మేం టెక్సాస్‌లో డాలస్ దగ్గర ఉంటాం. అమ్మ మీ కాలమ్ చదివి నన్ను అడగమంది. ఇక్కడ నా పాత కారుకి లయబిలిటీ మాత్రమే ఉంది. ఇక్కడి వరదలకి కవర్ ఉంటుందా? హోమ్ ఇన్సూరెన్స్‌లో వస్తుందా?

జవాబు: అమ్మకి నమస్కారాలు. లయబిలిటీ అంటే మన థర్డ్ పార్టీ లాంటిదే, నీ కారుకి ఏమీ రాదు. అక్కడ వరద నష్టం కాంప్రహెన్సివ్‌లో వస్తుంది, కొలిజన్‌లో (గుద్దుకుంటే ఇచ్చే కవర్‌లో) కాదు. లోను మీద కొన్న కారుకి బ్యాంకు వాళ్లే పట్టుబట్టి తీసుకునేలా చేస్తారు, లోను తీరాక డబ్బు మిగులుతుందని చాలామంది మానేస్తారు, నువ్వూ అదే చేసుంటావు. హోమ్ ఇన్సూరెన్స్, విడిగా తీసుకునే ఫ్లడ్ ఇన్సూరెన్స్ రెండూ ఇంటికే, గరాజ్‌లో ఉన్నా కారుకి వర్తించవు. ఇక్కడిలా ఇంజిన్‌కి వేరే యాడ్-ఆన్ గొడవ అక్కడ మామూలుగా ఉండదు, వరద నీటితో పాడైతే అదీ కాంప్రహెన్సివ్ కిందికే వస్తుంది, నీ డిడక్టబుల్ (నువ్వు భరించాల్సిన వాటా) పోను. తుపాను గల్ఫ్‌లోకి, అంటే టెక్సాస్ పక్క సముద్రంలోకి వచ్చేశాక తీసుకుందాంలే అనుకోవద్దు, అలాంటి రోజుల్లో కొత్త కవర్లు అమ్మడం కంపెనీలు తాత్కాలికంగా ఆపేస్తాయి.

టెక్సాస్ వాగులు మన చప్టాల్లాంటివే బాబూ, "లో వాటర్ క్రాసింగ్" అని బోర్డు ఉంటుంది, పక్కన లోతు చూపే కొలబద్ద కూడా పాతి ఉంటుంది. అమెరికా వరద చావుల్లో సగానికి పైగా బండ్లలోనే అని వాళ్ల వాతావరణ శాఖ ఏటా మొత్తుకుంటుంది. అడుగు లోతు పారే నీళ్లు చిన్న కార్లని, రెండడుగులు చాలా రకాల పెద్ద బండ్లని కూడా తీసుకుపోతాయని వాళ్లు చెప్పే అంకెలు. పైన మాస్టారికి వేసిన లెక్కతో సరిపోయాయి చూడు.

ప్రశ్న: సెకండ్‌హ్యాండ్‌లో 2021 మోడల్ కారు మార్కెట్ కంటే లక్షన్నర తక్కువకి దొరుకుతోంది. పెయింట్ మెరిసిపోతోంది, సీట్లు కొత్తవి. తీసుకోనా? (గుంటూరు)

జవాబు: సీట్లు కొత్తవి అన్నారు చూశారా, అక్కడే నాకు అనుమానం. నాలుగేళ్ల కారుకి సీట్లు ఎందుకు మార్చారు? టోటల్ లాస్ అయిన కార్లు వేలంలో పోతాయి, కొన్నవాళ్లు అందంగా కడిగి వేరే ఊళ్లో అమ్ముతారు. అమెరికాలో అయితే వరద కారు అని టైటిల్ మీద ముద్ర పడుతుంది, మన ఆర్సీ మీద అలాంటి మాట ఉండదు.

వెళ్లి సీట్ బెల్టు ఒకటి చివరిదాకా బయటికి లాగండి. అందరూ సీట్లు కడుగుతారు, కార్పెట్ మారుస్తారు, బెల్టు చుట్ట లోపలి చివర్ని ఎవరూ కడగరు, అక్కడ మట్టి గీత ఉంటే ఇంక మాటలు అనవసరం. తర్వాత డిక్కీలో స్టెప్నీ తీసి ఆ గుంటలో వేలు పెట్టి రాయండి, సన్నటి ఒండ్రు ఉందా? ముందు సీట్ల కింద పట్టాల బోల్టులకి తుప్పు ఉందా? హెడ్‌లైట్ లోపల ఆవిరి గీతలు ఉన్నాయా? అద్దాలన్నీ ఎక్కించి, ఏసీ ఆపేసి, ఎండలో పావుగంట ఉంచి డోర్ తీసి వాసన చూడండి. సెంటు వాసన ఘాటుగా కొడితే అదీ అనుమానమే. ఆఖరికి పాత పాలసీ కాపీ అడిగి, ఎన్‌సీబీ ఎంత ఉందో చూడండి, నాలుగేళ్ల కారుకి సున్నా ఉంటే ఎందుకో అడగండి. అమ్మేవాడు నీళ్లు నమిలితే వచ్చేయండి.

ప్రశ్న: ఎలక్ట్రిక్ కారు బ్యాటరీ ఐపీ67 అని రాసుంది, నీళ్లలో భయం లేనట్టేనా?

జవాబు: ఆ పరీక్ష మీటరు లోతు నీటిలో అరగంట. మీ సెల్లార్‌లో నీళ్లు రెండు రోజులుంటాయి. పైగా అది బ్యాటరీ పెట్టె గురించి రాసింది, మిగతా కారు గురించి కాదు. తేలడం, కొట్టుకుపోవడం అన్ని కార్లకీ ఒకటే. మునిగితే ఛార్జింగ్ పెట్టకండి, ఇంటికి దూరంగా ఉంచి కంపెనీ వాళ్లకి చెప్పండి.

ప్రశ్న: అండర్‌బ్రిడ్జి కింద నీళ్లలో కారు ఆగిపోతే నలుగురు కుర్రాళ్లు తోసి బయటపడేశారు. మనిషికి ఐదొందలు తీసుకున్నారు. ఇన్సూరెన్స్‌లో అడగొచ్చా? (కాకినాడ)

జవాబు: అడగొచ్చు. దెబ్బతిన్న కారుని దగ్గరి వర్క్‌షాప్‌కి చేర్చే ఖర్చు కింద ప్రైవేటు కార్లకి 1,500 దాకా పాలసీలోనే ఉంటుంది, రోడ్‌సైడ్ అసిస్టెన్స్ తీసుకుని ఉంటే టో బండి వాళ్లే పంపుతారు. మీది రెండు వేలు అయింది కాబట్టి ఐదొందలు ఎలాగూ మీవే. మిగతా పదిహేనొందలకి రసీదు కావాలి. ఆ కుర్రాళ్లు మళ్లీ కనపడితే ఒక కాగితం మీద రాయించుకుని రండి.